బాతిక్, ముడులేసి రంగేయడం, మైదా ముద్ద: మేడ మీద క్లాసులో మళ్లీ మళ్లీ అడిగేవి

ఒంగోల్లో మా మేడ మీద ఆదివారం పూట నలుగురైదుగురికి మైనం, ముడులు, ముద్ద అడ్డం పెట్టి బట్టలకి రంగులేయడం, అదే రెసిస్ట్ పని, చూపిస్తుంటా. ఇంటికెళ్లాక వాట్సాప్‌లో మొదలవుద్ది ఇంక, అక్కా మైనం ఊడొచ్చింది, అక్కా తెల్లగా ఉండాల్సిన చోట గులాబీ అయింది, అక్కా మా ఆయన చారు గిన్నె పాడుచేశావని అరుస్తున్నాడు. ఒక్కొక్కరికీ టైప్ చేసి చేసి బొటనవేళ్లు నొప్పులు పుట్టి ఇదంతా ఒకచోట రాసిపెడుతున్నా. ఇక మీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా, ఏమనుకోవద్దు.

అసలు రెసిస్ట్ అంటే ఏంది?

వాచీ పెట్టుకుని ఎండాకాలమంతా బండి మీద తిరిగి చూడండి, వాచీ తీసినాక కింద తెల్లగా పట్టీ కనపడుద్ది కదా, అదే రెసిస్ట్. మామూలు అద్దకంలో రంగు ఎక్కడ కావాలో అక్కడ పెడతాం, ఇందులో ఎక్కడ వద్దో అక్కడ అడ్డం పెట్టి మిగతాది మొత్తం ముంచేస్తాం. అడ్డం పెట్టేది మైనమైతే బాతిక్. దారంతో ముడేస్తే గుజరాత్, రాజస్థాన్ల బాంధనీ, మదురై సుంగుడి. కుట్టి లాగినా, మడిచి చెక్కలు బిగించినా, పైపుకి చుట్టినా జపానోళ్లు షిబోరి అంటారు. ముద్ద పూసేదీ ఉంది, రాజస్థాన్‌లో బంకమట్టి, సున్నం, జిగురు కలిపి దాబు అని చేస్తారు, నైజీరియాలో యోరుబా ఆడవాళ్లు కర్రపెండలం గంజితో గీస్తారు. బట్ట కాకుండా నూలుకే ముడులేసి రంగేసి తర్వాత నేస్తే ఇక్కత్, మనోళ్ల మాటలో చిట్కి.

ఇది బయటి నుంచి వచ్చిన పనే కదా, మన వైపు ఎక్కడుంది?

ఈ మాటంటే నాకు ఒళ్లు మండుద్ది. చీరాల ఎక్కడో లేదు, నిన్న మొన్నటి దాకా ప్రకాశం జిల్లానే, 2022లో బాపట్లలో కలిపారు. ఆ చీరాల తేలియా రుమాళ్లు పడవలెక్కి అరబ్బు దేశాలకి పోయినయ్. నూలుని నూనెలో, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికితే ఎరుపు పట్టుకునేది, ఆ నూనె వాసనకే తేలియా అని పేరు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. తెలుపు ఉండాల్సిన చోట నూలుకి గట్టిగా కట్టు కట్టేవాళ్లు. పోచంపల్లికి ఈ పని చీరాల నుంచే పోయింది, పేరు మాత్రం వాళ్లకి మిగిలింది.

నెల్లూరు దాటి కిందికి పోతే శ్రీకాళహస్తి. అక్కడి కలంకారీ అంటే అందరికీ కలం గీతలే గుర్తు, కానీ పాత రోజుల్లో నీలం వేసేది మైనంతోనే. 17, 18 శతాబ్దాల్లో మన కోరమాండల్ తీరం నుంచి యూరప్ పోయిన బట్టల్లో నీలం రావాల్సిన చోటు వదిలేసి మిగతా బట్టంతా మైనం కప్పి నీలిమందు తొట్టిలో ముంచేవాళ్లు. తొట్టిలో పడితే అంతా నీలమే కదా మరి, ఇంకో దారి లేదు.

వెంకటగిరి చీర కూడా ఇదేనా అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. కాదు. అది జాందానీ, బుటా మగ్గం మీదే నేస్తారు, అద్దకం కాదు.

ముందు దేంతో మొదలుపెట్టాలి?

మడత, బిగింపు. మైనం జోలికి మూడు నెలల తర్వాత రండి. ఎందుకంటే మైనంలో తప్పు మైనం దగ్గర జరిగిందా రంగు దగ్గర జరిగిందా అనేది కొత్తవాళ్లకి తెలవదు. మడతలో అయితే రంగు పని ఒక్కటే నేర్చుకుంటారు.

బట్టని విసనకర్ర లాగా ముందుకీ వెనక్కీ మడిచి, ఆ పట్టీని సమోసా మడిచినట్టు త్రికోణాలుగా మడవండి. రెండు పక్కలా ఒకే సైజు పలకలు పెట్టి బిగించాలి. జపాన్‌లో చెక్కలు వాడతారు. నేను చీమకుర్తి గ్రానైట్ ముక్కలు వాడతా. కోత మిషన్ల దగ్గర అరచేతంత ముక్కలు ఊరికే పడుంటయ్, చెక్కలాగా రంగు పీల్చవు, ఉబ్బవు, వడ్రంగి వాడే సీ క్లాంపు ఒకటి బిగిస్తే కదలవు. పలక కింద ఉన్నంత మేరా తెల్లగా మిగులుద్ది, అంచులకి రంగు తాగుద్ది, విప్పి చూస్తే వరసగా పూలు. మొదటిసారి విప్పినప్పుడు అందరూ అరుస్తారు, ఆ అరుపు కోసమే నేను క్లాసులు చెప్తున్నా అనుకోండి.

ముడులైతే శనగలో మినుములో బట్ట కింద పెట్టి పైనుంచి దారం చుట్టాలి. దారం వదులైతే ఏమీ రాదు, గోరు దూరకూడదు, అంత గట్టిగా. రబ్బరు బ్యాండ్లు పిల్లల పనికి ఓకే. పైపు చుట్టేదానికి సరుగుడు బాదు వాడొచ్చా అని కావలి నుంచి వచ్చే అమ్మాయి అడిగింది, మన తీరంలో సరుగుడుకి కరువా అని. వద్దు తల్లీ, బెరడు కషాయం దిగి బట్ట గోధుమ రంగు అవుద్ది. పీవీసీ పైపు ముక్క చాలు.

ఏ బట్ట తీసుకోవాలి?

నూటికి నూరు కాటన్. షాపులో కాటన్ అంటారు, ఇంటికొచ్చి ముంచితే సగం రంగు కూడా ఎక్కదు, అందులో పాలిస్టర్ ఉంటది. ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పాలిస్టర్ అయితే కరిగి నల్లటి గట్టి పూస అవుద్ది. మల్ కాటన్, లాంగ్ క్లాత్, పొందూరు ఖద్దరు ఏదైనా సరే, కానీ మొదటి పదిసార్లకి పాత తెల్ల పంచెలు వాడండి, ఉతికి ఉతికి గంజంతా పోయి ఉంటది కాబట్టి రంగు హాయిగా తాగుద్ది.

కొత్త బట్ట అయితే ఉడకబెట్టాల్సిందే. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే ఉన్నయ్ కానీ ఎవరూ ఒప్పుకోరు, అందరికీ డిజైన్ మీదే తొందర. మగ్గం మీద నూలు తెగకుండా గంజి పెడతారు, పైన మైనం, నూనె లాంటివి కూడా ఉంటయ్. అవన్నీ ఉంటే రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుద్ది. పెద్ద తపేలాలో బట్ట మునిగేన్ని నీళ్లు, కొంచెం వాషింగ్ సోడా, కొంచెం సబ్బు పొడి వేసి ఒక గంట ఉడకనీయండి. నీళ్లు టీ రంగులోకి వస్తయ్, చూస్తే మీకే అర్థమవుద్ది ఆ తెల్లటి బట్టలో ఎంత దాగుందో. జాడించి ఆరబెట్టి, పైన ఒక నీళ్ల బొట్టు వేయండి. వెంటనే లోపలికి పోతే సిద్ధం. ముత్యంలాగా పైన నిలబడితే మళ్లీ ఉడకబెట్టండి.

ఏ రంగు కొనాలి?

కోల్డ్ రియాక్టివ్ రంగు, షాపులో ఎం బ్రాండ్ అని అడగండి. ప్రొసియాన్ అని 1956లో ఐసీఐ కంపెనీ తెచ్చిన రకం ఇది, చల్లటి నీళ్లలోనే సోడా తగలగానే కాటన్‌తో కెమికల్‌గా అతుక్కుపోద్ది, పైన పూతలాగా ఉండదు. హెచ్ బ్రాండ్ తెచ్చుకుంటే 80 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడికి మైనం మొత్తం కరిగి తొట్టిలో తేలుద్ది. ఒకాయన అట్టా చేసి వచ్చాడు, మైనం చారు చూపించాడు ఫోటోలో.

కిరాణా కొట్లో దొరికే చిన్న ప్యాకెట్ రంగులు ఎక్కువగా వేడి నీళ్లలో వేసేవి, పైగా ఉతికిన ప్రతిసారీ పోతయ్. నాఫ్తాల్ రంగులు బాతిక్ చేసే వాళ్లు చాలామంది వాడతారు, ఎరుపు మెరూన్ బ్రహ్మాండంగా వస్తయ్, కానీ అందులో కాస్టిక్ సోడా ఉంటది, చేతులు ఒలిచేస్తది. నాఫ్తాల్ ఎజో రకం రంగు, ఆ ఎజో రంగుల్లో కొన్ని కేన్సర్ తెచ్చే పదార్థాలు వదులుతయ్ అని 1997లో మన దేశంలో చాలా వాటిని నిషేధించారు కూడా. ఇంట్లో పిల్లలున్న వాళ్లకి నేను నాఫ్తాల్ చెప్పను.

సోడా అంటే తినే సోడానా?

కాదు కాదు కాదు. బజ్జీల్లో వేసేది తినే సోడా. మనకి కావాల్సింది వాషింగ్ సోడా, అదే సోడా యాష్. బట్టలుతికే సోడా అంటే కొట్లో ఇస్తారు.

కొలతలు చెప్పక్కా, చిటికెడు గుప్పెడు అంటే అర్థం కాట్లా

సరే. ఆరిన బట్టని తూకం వేయండి. 200 గ్రాములుందనుకోండి. రంగు 4 నుంచి 8 గ్రాములు, నలుపైతే 12 నుంచి 16. నీళ్లు 4 లీటర్లు. ఉప్పు 200 గ్రాములు, కల్లుప్పయినా పర్లేదు. సోడా 80 గ్రాములు. రంగుని ముందు కొంచెం నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, టబ్బులో ఉప్పు నీళ్లలో పోసి, తడిపిన బట్ట వేసి అరగంట తిప్పుతూ ఉండండి. అప్పుడు బట్ట పక్కకి తీసి సోడాని వేరే మగ్గులో కరిగించి టబ్బులో పోసి, కలిపి, మళ్లీ బట్ట వేసి ఇంకో గంట. సోడాని డైరెక్టుగా బట్ట మీద పోస్తే పోసిన చోట మచ్చ, ఇది రాసిపెట్టుకోండి.

రంగు మీద పోసే పద్ధతి అయితే, అదే మన టై అండ్ డై, ముందు బట్టనే సోడా నీళ్లలో ఒక పావుగంట నానబెట్టి పిండి, చిక్కటి రంగు సీసాతో పోసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి తడి ఆరకుండా ఒక రాత్రి ఉంచండి. ఆరిపోతే అక్కడితో పని ఆగిపోద్ది. మన ఎండాకాలంలో ఆరేడు గంటలైనా సరిపోద్ది, వేడి ఎక్కువుంటే తొందరగా అతుక్కుంటది. కార్తీకమాసం వానల్లో అందరూ బట్టలారక ఏడుస్తుంటే నేనొక్కదాన్నే సంతోషంగా ఉంటా.

సోడా కలిపిన రంగు దాచిపెట్టకండి, గంటల్లో చచ్చిపోద్ది. బట్ట లేకపోయినా నీళ్లతోనే అతుక్కుంటది అది. చూడ్డానికి రంగు అలాగే కనపడుద్ది, వేస్తే ఉతుకులో మొత్తం పోద్ది.

మైనం ఎంత వేడిగా ఉండాలి?

పారాఫిన్ 55, 60 డిగ్రీల మధ్యలో కరుగుద్ది, తేనెమైనం 62, 64 దగ్గర. కానీ కరిగితే చాలదు, బట్టలోకి దిగాలి, దానికి 110, 120 డిగ్రీలు కావాలి. థర్మామీటర్ లేకపోతే బట్టనే చూడండి. గీసిన చోట బట్ట నూనె కాగితం లాగా అవతలి పక్క కనపడేట్టుంటే కరెక్టు. తెల్లగా, కొవ్వొత్తి కారినట్టు పైనే గడ్డకడితే మైనం చల్లారింది, అది రంగుని ఆపదు. పొగ వస్తే ఎక్కువైంది, వెంటనే దించండి.

నేను మొదట్లో చేసిన తెలివి తక్కువ పని చెప్తా. మేడ మీద నున్నటి గ్రానైట్ బల్ల ఉంది కదా అని బట్ట దాని మీద పరిచి మైనం గీశా. రాయి చల్లగా ఉంటది, మైనం తగలగానే గడ్డకట్టింది. పైనుంచి చూస్తే డిజైన్ ముచ్చటగా ఉంది, నెమళ్లు, తీగలు, రెండు రోజుల పని. రంగు వేసి తీస్తే వెనకవైపు నుంచి రంగు దూరి నెమలి మొత్తం మసక. అప్పుడు తిప్పి చూస్తే వెనక మైనమే లేదు. పైగా బల్లకి అతుక్కున్నది గీకేసరికి బట్ట చిరిగింది. ఇప్పుడైతే బట్టని చెక్క ఫ్రేముకి పిన్నులతో గాల్లో బిగిస్తా, పెద్దదైతే కింద ఇసుక నింపిన గుడ్డ దిండు. గీసినాక ప్రతిసారీ తిప్పి వెనక చూస్తా, దిగని చోట వెనక నుంచి ఇంకో పూత.

గీసేదానికి ఇండోనేషియా వాళ్ల చాంటింగ్ అని చిన్న రాగి గిన్నె, దానికి ముక్కు ఉన్న కలం దొరుకుద్ది. లేకపోతే వెంట్రుకల బ్రష్షు, చెక్క అచ్చులు, చుక్కలకి కొబ్బరి ఈనె. ప్లాస్టిక్ బ్రష్షు మైనంలో పెడితే కుచ్చు వంకర పోద్ది.

తేనెమైనమా, పారాఫినా?

రెండూ. పారాఫిన్ పెళుసు, తేనెమైనం సాగుద్ది. పగుళ్లు కావాలంటే పారాఫిన్ ఎక్కువ, ఏడు పాళ్లకి మూడు తేనెమైనం. సన్న గీతలు పగలకుండా ఉండాలంటే సగం సగం. కొవ్వొత్తులు కరిగించి వాడొచ్చు, వాడారు, నేనూ వాడా, ఏం కాదు.

బాతిక్‌లో ఆ సన్నటి పగుళ్ల గీతలు నాకు రావట్లా

ఏ నెలలో చేశారు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి కానీ మైనం పగలదండీ, మెత్తబడి వంగుద్ది. మే నెలలో ఎండకి పెట్టారంటే మైనం చెమ్మగిల్లి పక్కకి పాకుద్ది కూడా. మైనం గీసిన బట్టని ఫ్రిజ్‌లో ఒక పావుగంట పెట్టి, తీసిన వెంటనే నలపండి, చిట్ చిట్ మని సౌండు వస్తది. తర్వాత ముదురు రంగులో ముంచితే ఆ సందుల్లోకి దూరుద్ది. సంక్రాంతి రోజుల్లో ఫ్రిజ్ అక్కర్లేదు.

ఒక మాట చెప్తా, ఎవరికైనా కోపం వస్తే రానీండి. చీరంతా పగుళ్లే పగుళ్లు అయితే నాకు అందంగా అనిపించదు. జావాలో మంచి పనోళ్లు పగులు రాకుండా జాగ్రత్తపడతారు, అక్కడ అది తప్పు కింద లెక్క. 1927లో టాగూర్ జావా పోయొచ్చాక శాంతినికేతన్‌లో బాతిక్ బాగా పాకింది, మద్రాసు పక్క చోళమండలంలో ఆర్టిస్టులు 1966లో ఊరు కట్టుకున్నాక పొట్ట గడవడానికి బాతిక్‌లు చేసి అమ్మారు. మన దేశంలో పగులే బాతిక్ అన్నట్టు అయింది.

తెల్లగా ఉండాల్సిన చోట రంగెందుకు దిగింది?

మైనం చల్లారి గీసుంటారు, లేదా వెనక చూసుండరు, లేదా బట్ట తడిగా ఉండగా మైనం వేసుంటారు, తడి ఉంటే మైనం దిగదు. ఇంకోటి, సోడా నీళ్లలో గంటల తరబడి నానేస్తే మైనం తెల్లబడి పొరలుగా లేచిపోద్ది. ముడుల్లో అయితే దారం వదులు. కొన్నిసార్లు రంగు దిగేది ఆఖర్లో, కడిగేటప్పుడు. ముడి విప్పకముందే చల్లటి నీళ్లలో నాలుగైదు సార్లు జాడించాలి, ఆత్రంగా విప్పేసి ఒకే బకెట్లో పడేస్తే అతుక్కోని రంగు తెల్లదనం మీదకి పోద్ది.

రెండు మూడు రంగులు ఎట్టా?

లేత నుంచి ముదురుకి. ముందు తెలుపు ఉండాల్సిన చోట మైనం, పసుపులో ముంచు, ఆరినాక పసుపు ఉండాల్సిన చోట మైనం, ఎరుపులో ముంచు, ఇట్టా పోవాలి. పసుపు మీద నీలం వేస్తే నీలం రాదు, ఆకుపచ్చ వస్తది. కాబట్టి కాగితం మీద ముందు లెక్కేసుకోండి, వెనక్కి వచ్చే దారి లేదు ఇందులో.

మైనం ఎట్టా తీయాలి?

పెద్ద తపేలాలో నీళ్లు మరగబెట్టి కొంచెం సబ్బు వేసి బట్ట ముంచి కర్రతో కలపండి, మైనం పైకి తేలుద్ది. బట్ట ఎత్తేటప్పుడు తేలిన మైనం మళ్లీ పట్టుకుంటది కాబట్టి వెంటనే ఇంకో వేడి నీళ్ల బకెట్లోకి మార్చాలి, రెండు మూడు సార్లు. నీళ్లు చల్లారాక పైన మీగడలాగా గట్టిపడుద్ది, తీసి ఆరబెట్టి మళ్లీ వాడుకోండి. మోరీలో మాత్రం పోయకండి, పైపులో గడ్డకడితే ప్లంబర్‌కి ఇచ్చే డబ్బులతో కొత్త మైనం వస్తది. న్యూస్‌పేపర్ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే ఎక్కువ భాగం పోద్ది కానీ జిడ్డు మిగులుద్ది, గోడకి తగిలించేదానికైతే చాలు.

మైనం పొయ్యి అంటే భయం, వేరే దారి?

మైదా ముద్ద. నీళ్లతో దోసె పిండి కంటే కొంచెం చిక్కగా, ఉండలు లేకుండా కలిపి, కెచప్ సీసాలో పోసి బట్ట మీద గీయండి. పూర్తిగా ఆరాలి, ఎండలో ఆరితే గట్టిగా అప్పడం లాగా అయి బట్టే ముడుచుకుపోద్ది, నలిపితే మైనానికన్నా అందమైన పగుళ్లు. కానీ టబ్బులో ముంచితే నాని ఊడిపోద్ది కాబట్టి రంగుని చిక్కగా చేసి బ్రష్షుతో పూయాలి, వెనకవైపు ముట్టుకోకూడదు. ఒక రాత్రి ఉంచి, నీళ్లలో నానబెట్టి చేత్తో తోసేయండి. చీమలు వస్తయ్, చెప్పలేదనొద్దు.

నీలిమందుతో చేయొచ్చా?

చేయాలి. నీలిమందు తొట్టి చల్లగా పనిచేస్తది కాబట్టి మైనంతో మంచి జోడీ. నీలిమందు ఒక పాలు, సున్నం రెండు, ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెర మూడు, ఇంట్లో చేసేదానికి ఈ లెక్క చాలు. పాతోళ్లు తగిరిస గింజలు ఉడకేసి పులియబెట్టేవాళ్లు. గోరువెచ్చగా తొట్టి తయారయ్యాక మైనం బట్టకైతే చల్లారనిచ్చి ముంచాలి. నిమిషం రెండు నిమిషాలు ముంచి, తీసి గాలికి పట్టుకోండి. ఆకుపచ్చగా వస్తది, మీ కళ్ల ముందే నీలంగా తిరుగుద్ది. ఒకేసారి ఎక్కువసేపు ముంచితే ముదురు రాదు, పదిసార్లు ముంచి గాలికి ఆరేయాలి.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటయ్, రంగు ఎక్కుద్దా?

ఉప్పదనం సమస్యే కాదు, మనమే ఉప్పు పోస్తున్నాం కదా. కందిపప్పు ఉడకని నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు, అవే సమస్య. అందులో కాల్షియం, మెగ్నీషియం ఉంటయ్, సోడా తగిలితే తెల్లగా సున్నంలాగా పేరుకుని రంగు మొద్దుబారుద్ది. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఎరుపు, మా ఇంట్లో వేసిన ఎరుపు పక్కపక్కన పెడితే ఒకే ప్యాకెట్ అంటే ఎవరూ నమ్మలా. రంగు కలిపేదానికి వాన నీళ్లో ఫిల్టర్ క్యాన్ నీళ్లో వాడండి, మిగతా కడుగుడికి బోరు నీళ్లు చాలు. కెమికల్ షాపులో సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ దొరికితే లీటరుకి ఒక గ్రాము వేసినా సరే.

పట్టు మీద?

సోడా పట్టుని గరుకు చేస్తది, మెరుపు పోద్ది. పట్టుకి యాసిడ్ రంగులు, వెనిగర్. అది వేరే క్లాసు.

జాగ్రత్తలు?

మైనం అంటుకుంటే నీళ్లు పోయొద్దు, పోస్తే మంట పైకప్పుకి ఎగురుద్ది. మూత వేసి స్టవ్ ఆపేయండి. అందుకే మూత చేతికి అందేట్టు పెట్టుకునే పని మొదలుపెట్టాలి. వేడి నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగిస్తే భయం తక్కువ, కాకపోతే 100 డిగ్రీలు దాటదు, సన్న మల్‌కి పర్లేదు, మందం బట్టకి చాలదు. రంగు పొడి కలిపేటప్పుడు ఫ్యాన్ ఆపి మాస్కు పెట్టుకోండి, ఆ పొడి పీలిస్తే కొందరికి ఆయాసం మొదలవుద్ది. చేతులకి గ్లౌజులు.

వంట గిన్నెలు వాడొద్దు. చారు గిన్నె గొడవ ఉన్న వాళ్ల ఆయనదే న్యాయం, ఒకసారి రంగు ఉడికిన గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు.

ఆదివారం వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

ఉతికిన పాత తెల్ల పంచె ఒకటి, గంజి లేకుండా. పాడైనా బాధ లేని నైటీ వేసుకు రండి. పొద్దున ఏడింటికల్లా రావాలి, పది దాటితే మా మేడ మీద కాలు పెట్టలేం. గ్రానైట్ ముక్కలు నా దగ్గర ఉన్నయ్, మోసుకు రావద్దు.